కొంగరెక్క పూసిన తేదీ

వాల్తేరు,
12 మే 1971.

వదినకు జయ నమస్కారాలు. చిట్టికి ముద్దులు. అన్నయ్యకు విడిగా రాయడం లేదు, ఇదే చదివి వినిపించు.

మంచి కబురు. మూడేళ్ళుగా దరఖాస్తు పెడుతున్న శిబిరానికి ఈసారి నన్ను ఎంపిక చేశారు! ఆరు విశ్వవిద్యాలయాలు కలిసి ఉష్ణమండల జీవశాస్త్ర సమాఖ్య అని ఒకటి పెట్టుకున్నాయని నీకు ఒకసారి చెప్పాను. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు కాబట్టి ఆరూ తలా నలుగురు లెక్చరర్లను పంపుతాయి, వాళ్ళకు ఏటా ఆరు వారాలు గదుల్లో కాకుండా గుట్టల మీదా చెరువుల్లోనూ పాఠాలు చెప్తారు. మనకు బి.ఎస్సీలో చెప్పిన పార్థసారథి మేష్టారే ఇప్పుడు దానికి పెద్ద.

ఈ ఏడు శిబిరం ఎక్కడో ఊహించు. మీ పక్కనే, నల్లగండ్లలో. చెరువు దగ్గర పాత బంగళా ఒకటి అద్దెకు తీసుకున్నారట. జూన్ పద్నాలుగు నుంచి జులై ఇరవైనాలుగు దాకా. మదీనాగూడ నుంచి నడిచి రావచ్చునని అన్నయ్య ఇదివరకు అన్నాడు.

ఒక చిన్న కోరిక. వంటమనిషి ఎవరో కారం వేయడానికి భయపడే మనిషట. నీ చేతి ఆవకాయ ఒక జాడీ పంపావంటే ఇరవైనలుగురం నీ పేరు చెప్పుకుని తింటాం. శిబిరంలో నీ వంతు కూడా ఉన్నట్టుంటుంది.

సంతోషంతో గాల్లో తేలుతున్న నీ ఆడపడుచు,
జయలక్ష్మి.


మదీనాగూడ,
21 మే 1971.

జయకు ఆశీస్సులు.

చాలా సంతోషం. ఈ రెండు మాటలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది, అందుకే జవాబు ఆలస్యమైంది.

మీ అన్నయ్యకు ఉత్తరం చదివి వినిపించాను. "మా చెల్లెలు సాధించింది చూశావా" అని ఫ్యాక్టరీలో నలుగురికీ చెప్పివచ్చారు. బి.ఎస్సీలో ఆ చెల్లెలి ఎండుమొక్కల హెర్బేరియం వంద అట్టల్లో అరవై అట్టలు ఎవరు కుట్టారో ఆయనకు తెలియదు. కాలేజీ మొత్తానికి మొదట వచ్చిందెవరో తెలుసు కానీ మరిచిపోయారు. నాకు ఎమ్మెస్సీ సీటు వచ్చిందన్న ఉత్తరం, మీ ఇంట్లో అచ్చువేయించిన నా పెళ్ళి శుభలేఖ ఒకే వారంలో వచ్చాయి. అది నీ తప్పు కాదు, ఆయన తప్పూ కాదు. ఎవరి తప్పూ కానిదాని మీద ఎలా కోపపడాలో తెలియక పదేళ్ళుగా వంటగిన్నెల మీద పడుతున్నాను.

అందుకే నాకు కుళ్ళుగా ఉందని ఉన్నదున్నట్టే రాస్తున్నాను. నిన్ను అభినందిస్తున్నాను కూడా. రెండూ నిజమే.

ఆవకాయ పంపుతాను. జాడీ మీద చీటీ కూడా అంటిస్తాను: రకం, సేకరించిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు. చీటీ లేని వస్తువు మేష్టారు ముట్టరు కదా.

మీ వదిన,
పుణ్యవతి.


వాల్తేరు,
26 జులై 1971.

వదినా,

నిన్న ఇల్లు చేరాను. బురద, జలగలు, మేష్టారి తిట్లు అన్నీ అయిపోయాయి. కాలేజీ గోడలు చూస్తుంటే ఇప్పుడు ఊపిరాడడం లేదు. ఆరు వారాల్లో మీ ఇంటికి రెండుసార్లే వచ్చానని నీకు గుర్రుగా ఉన్నట్టు చిట్టి మాటల్లో తెలిసింది. ఆదివారాలు కూడా వదలలేదు వదినా, ఏం చేయను.

ఇప్పుడు అసలు విషయం. నల్లగండ్ల దాటాక తూర్పున పెద్ద బండ ఉంది చూడు, ఒక చీలికలో మట్టి చేరి, వాన పడితే తడిగా ఉంటుంది. అందులో ముప్పై దాకా చిన్న మొక్కలు కనిపించాయి. ఆకులు మాత్రమే. గడ్డి కోసుకునే భాగ్యమ్మ దాన్ని కొంగరెక్క అంటుంది. తెల్లగా, కొంగ రెక్క విప్పినట్టు పూస్తుందట. మేష్టారు ఆకులు చూసి నేల ఆర్కిడ్ అన్నారు కానీ ఏదో చెప్పలేకపోయారు. పువ్వు కావాలి. ఈ చుట్టుపక్కల ఏ గుట్ట మీదా మాకు మళ్ళీ కనిపించలేదు.

ఆ బండ మీ ఇంటి యజమాని వీరేశం గారిదేనట. రాళ్ళ కాంట్రాక్టు కదా, దసరా వేళకు దాన్ని పగలగొట్టిస్తాడట. కాయలు పండి పగిలేదాకా ఆగితే గింజలు గాలికి పక్క గుట్టలకు పోతాయి, కొన్ని మనమూ తీసుకోవచ్చు. ఆ తర్వాత బండ పోయినా మొక్క మిగులుతుంది. మొదటి పువ్వు విచ్చిన రోజు నుంచి పది వారాలు కావాలంటారు మేష్టారు. ఆ మొదటి రోజు ఏదో తెలిస్తే వీరేశం గారిని ఒప్పిస్తారట.

నువ్వు ప్రతి శనివారం ఒక్కసారి వెళ్ళి చూస్తావా? పువ్వు విచ్చగానే ఆరు కాడలు కోసి పాత పేపర్లలో అదిమి పెట్టు. దుంప తవ్వకు. ఆరెందుకంటే ఆరు విశ్వవిద్యాలయాలకూ తలా ఒకటి పోవాలి. చీటీ నీకు తెలిసిందే. సమాఖ్యలో ఒక కొత్త నియమం ఉంది: ఒకసారి రాసిన చీటీని కొట్టేయకూడదు, దిద్దకూడదు. తప్పు దొరికితే దాని కింద సవరణ చీటీ అంటించి, పేరు, తేదీ వేయాలి. మిగతాదంతా నేను చూసుకుంటాను.

నీ మీదే ఆశ పెట్టుకున్న,
జయ.


మదీనాగూడ,
9 ఆగస్టు 1971.

జయకు,

చిట్టికి నలతగా ఉంది. మీ అన్నయ్యకు రెండో షిఫ్టు. అయినా ముప్పై ఒకటినా, ఏడునా వెళ్ళాను. భాగ్యమ్మను తోడు తీసుకున్నాను. దారి పొడుగునా నన్ను ప్రశ్నలు అడిగింది.

"ఎందుకమ్మా గంత దూరం నడుస్తవు? నీకేమన్న జీతమిస్తున్రా?"

"లేదు."

"మరి నీ పేరు రాస్తరా?"

అది చెప్పాల్సింది నువ్వు. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఎండలో నడిచేది నేను, వంగి చూసేది నేను, అదిమి ఆరబెట్టేది నేను. చీటీలో సేకరించినవారు అన్నచోట ఎవరి పేరు? "మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నావు. ఆ మిగతాదంతా ఏమిటి?

ఏం చూశానో ఇప్పుడు రాయను. నీ జవాబు వచ్చాక రాస్తాను. నువ్వు నన్ను గయ్యాళి అనుకున్నా సరే.

పుణ్యవతి.


వాల్తేరు,
17 ఆగస్టు 1971.

వదినా,

ముందే క్షమాపణ. నీ తొమ్మిదో తేదీ ఉత్తరం నేను ఊరి నుంచి తిరిగి వచ్చాకే చూశాను. సమాఖ్య సమావేశానికి మేష్టారు హైదరాబాదు వెళ్తుంటే నేనూ వెళ్ళాను. శనివారం, పద్నాలుగో తేదీ పొద్దున్న రెండు గంటలు దొరికితే బండ దగ్గరికి పోయాం.

పూసింది! నాలుగు మొక్కలు విచ్చాయి, మిగతావి మొగ్గలు. భాగ్యమ్మ చెప్పినట్టే, అచ్చం రెక్క విప్పినట్టు. మేష్టారు బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. ఒక కాడ మాత్రం కోసుకున్నాను. నువ్వు కూడా అక్కడ ఉంటావేమో అని చూశాను, లేవు. వెంటనే రైలు, ఇంటికి రాలేకపోయాను.

పేరు సంగతి అడిగావు. ఇక ఆ చిక్కు లేదు కదా, పద్నాలుగో తేదీ చీటీ మీద నా పేరు రాసేశాను. ఇక నువ్వు ఆ ఎండలో నడవక్కర్లేదు. పాపం, చాలా శ్రమపెట్టాను.

చిట్టికి ఎలా ఉంది?

జయ.


మదీనాగూడ,
23 ఆగస్టు 1971.

జయలక్ష్మికి,

"పాపం" అన్న మాట నువ్వు నీ విద్యార్థుల దగ్గర వాడుకో. నా దగ్గర వద్దు.

మా గడప ముందు నుంచే వెళ్ళి, మేష్టారిని తీసుకుని వెళ్ళి, లోపలికి తొంగి చూడకుండా పోయావు. ఆయనకు నేను ఇక్కడే ఉన్నానని చెప్పావా? ఆ శనివారం చిట్టి ఒళ్ళు కాలిపోతుంటే దవాఖానాలో కూర్చున్నాను. నేను వెళ్ళలేకపోయిన శనివారం అదొక్కటే.

పోనీలే. ఏం చూశానో తర్వాత రాస్తానన్నాను కదా, రాస్తున్నాను. కొంగరెక్క మొదట పూసింది పద్నాలుగున కాదు. జులై ముప్పై ఒకటి, శనివారం. ఆరు మొక్కలు విచ్చాయి, ఆరు కాడలూ ఆ రోజే కోసి అదిమాను. పార్సిల్ వేరేగా వస్తుంది. ఆరింటికీ చీటీలు నా చేత్తోనే రాశాను. సేకరణ: పుణ్యవతి, మదీనాగూడ. మీ విశ్వవిద్యాలయాలకు పంపించు. నీకంటే రెండు వారాలు ముందు.

పుణ్యవతి, బి.ఎస్సీ.


వాల్తేరు,
7 సెప్టెంబరు 1971.

వదినా,

పార్సిల్ అందింది. మేష్టారు ఎగిరి గంతేశారు. "నేను చెప్పలేదూ, ఆ అమ్మాయి చూపే వేరు" అన్నారు. నాకు పద్నాలుగున వాడిన పువ్వు ఒక్కటీ కనిపించలేదేమిటని అడిగితే, "విచ్చినవన్నీ పుణ్యవతి కోసేసి ఉంటుంది, నువ్వు చూసినవి తర్వాతవి" అన్నారు. ఆయన మాటే మాట.

నీ కట్టలు విప్పకుండానే అయిదింటిని అయిదు చోట్లకు పంపాను. ఆరోది మాది, సెలవుల్లో అట్టకు కుడతాను. మేష్టారు వీరేశం గారికి రాసి ఒప్పించారు. జులై ముప్పై ఒకటికి పది వారాలు కలిపితే అక్టోబరు తొమ్మిది. అప్పటిదాకా బండ ముట్టనని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం కాగితం దీనితో పెడుతున్నాను, దాని మీద సమాఖ్య తరఫున నీ సంతకమే కావాలని మేష్టారే అన్నారు. పెట్టి ఇచ్చేయి.

మొదటిది నీదే వదినా. అభినందనలు. కానీ రెండు వారాలు తెలిసి కూడా నాకు ఒక్క కార్డు ముక్క రాయలేదు. నన్ను కాలేజీలో అందరి ముందూ పద్నాలుగు, పద్నాలుగు అని చెప్పుకోనిచ్చావు. అంత కోపమా నా మీద?

జయ.


మదీనాగూడ,
15 సెప్టెంబరు 1971.

జయా,

సంతకం పెట్టాను. వీరేశం కళ్ళజోడు సర్దుకుని కాగితం రెండుసార్లు చదివాడు. "మస్తు పెద్దమనిషివైతున్నవు గదమ్మా, యూనివర్సిటీలోల్లు నీ మాట మీద నా పని ఆపుతున్రు" అన్నాడు. ఆ మాట వినడానికి బాగుంది. ఆరు విశ్వవిద్యాలయాల బీరువాల్లో నా పేరు ఉంటుందని మీ అన్నయ్యకు చెప్తే, "బీరువాలో ఎవరు చూస్తారు" అన్నారు. నేను పోయాక కూడా చూస్తారని చెప్పాను.

నీ ప్రశ్నకు జవాబు: అవును, అంత కోపమే. ఇప్పుడు తగ్గింది. ఇక ఆ సంగతి ఎత్తవద్దు. రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర పట్టడం లేదు, చిట్టి దగ్గు వల్ల కాబోలు.

వదిన.


వాల్తేరు,
28 సెప్టెంబరు 1971.

వదినా,

దీనితో ఒక పేపరు ముక్క మడిచి పెడుతున్నాను. ముందు అది విప్పి చూడు.

నీ ఆరో కట్ట నిన్న విప్పాను. నువ్వు కాడను అదిమిన పేపరు ఇదే. ఒకవైపు బెంగాల్ శరణార్థుల వార్త, ఒకవైపు చీరల దుకాణం ప్రకటన. పైన మూల తేదీ చూడు. ఆగస్టు ఇరవై. జులై ముప్పై ఒకటిన కోసిన పువ్వును ఇంకా అచ్చు కాని పేపర్లో ఎలా అదిమావు?

ఆరబెట్టేటప్పుడు కాగితాలు మార్చావేమో అనుకున్నాను. ఆ మాటే నిజం కావాలని గంటసేపు దాన్ని దీపానికి అడ్డుపెట్టి చూశాను. కానీ కాడ పక్కన పసుపచ్చ తడి మరక ఉంది, పువ్వు ఆకారంలోనే. ఆరిన మొక్క మరక పెట్టదు. ఇది మొదటిరోజు కాగితమే. నువ్వు ఇరవైన గానీ ఇరవై ఒకటి శనివారం గానీ కోశావు. నా ఉత్తరం అందిన తర్వాత.

ఎవరికీ చెప్పలేదు. నిన్ను ఏమైనా అనేముందు నా సంగతి కూడా నువ్వు వినాలి. శిబిరం మొదటిరోజు మేష్టారు నన్ను చూడగానే "పుణ్యవతి ఎలా ఉంది?" అన్నారు. నేను ఎలా ఉన్నానని అడగలేదు. ఆరు వారాల్లో నాలుగుసార్లు అడిగారు, నేను లెక్కపెట్టాను. ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెప్పేది నేను, ఆయనకు గుర్తున్నది నువ్వు. నిన్ను శనివారాలు వెళ్ళమన్నదాన్ని, పూసే రోజులు దగ్గరపడ్డాయని లెక్కవేసుకుని నేనే ఆయన్ని పద్నాలుగున బండ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆ రోజు రైలుకు ఇంకా మూడు గంటలుంది. ఇంటికి రాగలిగి కూడా రాలేదు. ఒక్కసారి, ఒక్క పువ్వు దగ్గర, నీకంటే ముందు ఉండాలనుకున్నాను. ఆ తర్వాత "పాపం" అని కూడా రాశాను.

కాబట్టి నిన్ను అనే నోరు నాకు లేదు. కానీ మొక్కకు మన గొడవ తెలియదు. అది పద్నాలుగున పూసింది. కాయలు పండేది అక్టోబరు ఇరవైమూడుకి. తొమ్మిదో తేదీకి పచ్చిగానే ఉంటాయి, వీరేశం గారు బండ పగలగొడతారు, నీ సంతకం చూపించి.

నేను దిద్దవచ్చు. దిద్దను. ఆ చీటీ నీది. నియమం నీకు తెలుసు.

నీ జయ.


మదీనాగూడ,
12 అక్టోబరు 1971.

జయా,

నీ ఉత్తరం రెండో తేదీన వచ్చింది. ఏడు రోజులు బియ్యం డబ్బాలో దాచాను. సవరణ చీటీ రాయడానికి రోజూ కూర్చునేదాన్ని. ఆరు బీరువాల్లో నా పేరు, దాని కింద నేను అబద్ధాలకోరునని నా చేతిరాత. చెయ్యి వచ్చేది కాదు. పచ్చికాయలైనా పండుతాయేమో, వీరేశం మరిచిపోతాడేమో అనుకుంటూ రోజులు నెట్టాను.

తొమ్మిదిన తెల్లవారుతూనే భాగ్యమ్మ తలుపు కొట్టింది. "అమ్మా, సుత్తెలు, గునపాలు పట్టుకొని బండ దిక్కు పోతున్రు. కాయలింక పచ్చిగనే ఉన్నయి. జల్ది రా" అంది. పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

మేము పోయేసరికి బండ అంచు ఒక పక్క పగిలిపోయింది. ఎనిమిది మంది కూలీలు, పక్కన వీరేశం. ఆపమని అరిచాను.

"ఏందమ్మా ఇది? తొమ్మిదో తారీకు దాక ఆగుమంటే ఆగిన. కాగితంల నీ దస్కతే ఉన్నది గద?"

"నా సంతకమే. తేదీ తప్పు. ఇరవైమూడు దాకా ఆగాలి."

"తప్పెట్ల అయితది? నువ్వు సదువుకున్నదానివి."

"తప్పు కాదు. అబద్ధం. నా ఆడపడుచు కంటే ముందు చూశానని చెప్పుకోవడానికి అబద్ధం రాశాను."

సుత్తెలు ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు. భాగ్యమ్మ నా పక్కకు వచ్చి నిలబడి, "నాకు ఎరుకనే. ఆ ముప్పై ఒకటి నాడు నేను గూడ ఉన్న గద, మొగ్గ గూడ లేకుండె" అంది. ఇన్నాళ్ళూ తెలిసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు జయా. నేను ఎక్కడ తల పెట్టుకోవాలో తెలియలేదు.

వీరేశం చాలాసేపు గొణిగాడు. చివరికి, "నోటిమాట మీద నేను ఆగ. మొదలు కాగితం రాసిచ్చిన్రు, ఇది గూడ రాసియ్యి. ఇరవైమూడు దాక. ఒక్క దినం గూడ ఎక్కువ గాదు" అన్నాడు. ఆయన లెక్కల పుస్తకంలో కాగితం చింపి ఇస్తే బండ మీద పెట్టి రాశాను. ఏడు రోజులు రాని చెయ్యి అప్పుడు వచ్చింది. అలా మొదటి సవరణ చీటీ ఏ విశ్వవిద్యాలయానికీ కాదు, రాళ్ళ కాంట్రాక్టరుకు వెళ్ళింది.

పగిలిన అంచున మూడు మొక్కలు పోయాయి. నీ ఉత్తరం వచ్చిన రోజే రాసి ఉంటే ఉండేవి. మిగతావి ఉన్నాయి, నిన్న మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టాను.

దీనితో మిగతా ఆరు చీటీలు పెడుతున్నాను. మేష్టారికి విడిగా ఉత్తరం రాశాను, ఏమీ దాచలేదు. అన్నిటి మీదా ఒకటే రాశాను: "పై చీటీలోని తేదీ అబద్ధం. ఈ కాడను 21 ఆగస్టు 1971న కోశాను. మొదటి పువ్వును 14 ఆగస్టున చూసినవారు జయలక్ష్మి. పుణ్యవతి, 10 అక్టోబరు 1971." పాత చీటీ కొట్టేయనివ్వకు. నా పేరు ప్రతి అట్ట మీదా రెండుసార్లు ఉంటుంది, ఒకసారి అబద్ధం కింద, ఒకసారి నిజం కింద. విప్పినవాళ్ళు రెండూ చదువుకుంటారు.

నీ పేరు నా చేత్తో ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ కడుపు మండింది. తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. నీకూ నా మీద అలాగే ఉందని తెలిసి మాత్రం మొదటిసారి కొంచెం చల్లబడ్డాను, ఎంత చెడ్డదాన్నో చూడు.

ఇరవైమూడున కాయలు కోసి గింజలు పంపుతాను. భాగ్యమ్మ, నేను కలిసి కోస్తాం, ఆ చీటీ మీద ఆమె పేరు ముందు రాస్తాను.

వచ్చే జూన్ శిబిరానికి దరఖాస్తు ఫారం ఒకటి పంపు. మేష్టారు నన్ను తీసుకోకపోవచ్చు, ఇంత చేశాక ఎందుకు తీసుకుంటారు. అయినా పెడతాను. ఆవకాయ ఈసారి నువ్వు పెట్టు.

పుణ్యవతి.